కార్డు పెట్టాను, పలకటం లేదు!

"పాత లాప్‌టాప్‌లో లినక్సు వేసుకున్నాం. ఫొటోలు త్వరగా ఎక్కించుకోవచ్చని యు.ఎస్.బి. 3.0 ఎక్స్‌ప్రెస్ కార్డు కొని స్లాటులో పెట్టాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కార్డు పారెయ్యమంటారా, లాప్‌టాపే మార్చమంటారా?" అని ఒక సోదరి జాబు వ్రాశారు.

రెండూ వద్దు. "పలకటం లేదు" అన్న ఒక్క మాటలో నాలుగు వేర్వేరు జబ్బులు దాగివుంటాయి. ఏదో తేల్చుకోకుండా మందు వేస్తే డబ్బు దండుగ.

మొదట స్లాటు చూడండి. ఎక్స్‌ప్రెస్ కార్డు 2003లో వచ్చింది. అంతకు ముందటి పీసీ కార్డు స్లాటు పైకి దీని తోబుట్టువులాగే వుంటుంది గాని, లోపలి కనెక్టరు వేరు. అందులో పెట్టిన కార్డును ఏ లినక్సూ పలికించలేదు.

స్లాటు సరైనదే అయితే టెర్మినల్ తెరిచి 'ఎల్‌ఎస్‌పీసీఐ' అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. కార్డు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి కొట్టి, రెండు జాబితాలూ పోల్చండి. కొత్త వరుస లేదంటే యంత్రం కార్డును చూడనే లేదన్నమాట. అప్పుడు లాప్‌టాప్ ఆపి, కార్డు పెట్టి, మళ్ళీ మొదలెట్టండి. ఇప్పుడు కనిపించిందా? కార్డు బంగారంలా వున్నది. నడుస్తుండగా పెట్టిన కార్డును గమనించే 'పీసీఐఈహెచ్‌పీ' అనే భాగమే పని చేయటం లేదు. అప్పటికీ కనిపించకపోతే బయోస్‌లో ఆ స్లాటు మూసివుందేమో చూడండి. ఆ తర్వాతే కార్డును అనుమానించాలి.

కనిపించినా పని చేయకపోతే దుబాసీ లేడేమో! కార్డు భాష కెర్నెలుకు చెప్పే దుబాసీయే డ్రైవరు. ఇందాకటి మాట తర్వాత ఖాళీ విడిచి, అడ్డగీత పెట్టి, 'ఎన్‌ఎన్‌కే' చేర్చండి. డ్రైవరు పేరుతోబాటు 1033:0194 వంటి అంకెలు వస్తాయి. మొదటి సగం ఇంటిపేరు, అనగా ఎన్.ఈ.సీ. కంపెనీ, రెండో సగం ఆ చిప్పు సొంత పేరు. సాయం అడిగేటప్పుడు ఈ అంకెలే చెప్పండి. ఒకే చిప్పును పలు కంపెనీలు పలు పేర్లతో అమ్ముతాయి గనుక డబ్బా మీది పేరు అక్కరకు రాదు. యు.ఎస్.బి. 3.0 దుబాసీ 'ఎక్స్‌హెచ్‌సీఐ' 2009 నాటి 2.6.31 కెర్నెలు నుంచీ లినక్సులో వున్నాడు.

ఇక నాలుగోది చాలామందికి తట్టదు. కార్డూ కనిపిస్తుంది, డ్రైవరూ వుంటుంది, తగిలించిన హార్డ్‌డిస్కు మాత్రం తిరగదు. యు.ఎస్.బి.కి 5 వోల్టులు కావాలి; ఈ స్లాటు ఇచ్చేవి 3.3, 1.5 వోల్టులే. అందుకే చాలా కార్డులకు వేరే విద్యుత్తు అందించే చిన్న రంధ్రం వుంటుంది. ముందు అది చూడండి.

ఈ నాలుగూ చూడటానికి అరగంట చాలు, పైసా ఖర్చు లేదు. కొత్త లాప్‌టాప్ మాట ఆ తర్వాత ఆలోచిద్దాం.