చెప్పేవాడికి అడిగేవాడు లోకువ

మన పుస్తకావిష్కరణ సభల్లో ఒక వక్త తప్పనిసరిగా ఉంటాడు. శాలువా భుజాన సర్దుకుని, మైకుని రెండుసార్లు తట్టి, "పుస్తకం నిన్న రాత్రే చేతికొచ్చింది, పూర్తిగా చదివే భాగ్యం కలగలేదు, అయినా..." అని మొదలెడతాడు. ఆ "అయినా" తర్వాత నలభై నిమిషాలు. అట్ట బాగుందంటాడు, అచ్చు బాగుందంటాడు, రచయితగారి నాన్నగారు తనకి బాగా తెలుసునంటాడు. మనం నవ్వుకుంటాం. కానీ ఒక్క సంగతి మాత్రం ఒప్పుకుని తీరాలి. చదవలేదు అనే మాట దగ్గర ఆ వక్త గొంతు కాస్త తగ్గుతుంది. చదవకపోవడం చిన్నతనమని పాపం ఆయనకి తెలుసు.

అమెరికాలో ఒక పెద్దమనిషి ఇదే మాటని గొంతు పెంచి చెప్పాడు. దాన్నొక సిద్ధాంతం చేశాడు. ఆయన పేరు లారీ కింగ్. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా పట్టీలు, చేతులు మడిచిన చొక్కా, ముందు బల్లమీద పాతకాలపు మైకు. 1985 జూన్ నుంచి 2010 డిసెంబరు దాకా, పాతికేళ్ళపాటు సి.ఎన్.ఎన్.లో రాత్రిపూట మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించాడు. 1991లో గల్ఫ్ యుద్ధం పుణ్యమా అని ఆ ఛానలు మన దేశంలో ముందు పెద్ద హోటళ్ళలోకీ, ఆ తర్వాత కేబుల్ తీగల మీద ఇళ్ళల్లోకీ వచ్చింది కాబట్టి ఆ పట్టీలాయన మనలో కొందరికి కూడా పరిచయమే. రేడియోతో కలిపి ఆయన చేసిన ఇంటర్వ్యూలు యాభైవేల దాకా ఉంటాయని చెబుతారు. వచ్చిన అతిథి పుస్తకం రాసినవాడైతే ఆ పుస్తకం తాను చదవనని, అలా చదవకపోవడమే తన బలమని ఆయన జీవితమంతా గర్వంగా చెప్పుకున్నాడు.

అంతటి ఆయన 2009లో తానే ఒక పుస్తకం అచ్చేయించాడు. 'మై రిమార్కబుల్ జర్నీ' అని ఆత్మకథ. కాల్ ఫస్‌మన్ అనే పాత్రికేయుడు రాతపనిలో సాయంపట్టాడు. చూశారా తమాషా! లోకంలో ఎవరి పుస్తకమూ చదవక్కర్లేదుగానీ ఆయన పుస్తకం మాత్రం మనం కొని చదవాలి!

సరే, చదివాను. చదవకుండా తిట్టడం కూడా ఆయన పద్ధతే అవుతుంది కాబట్టి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. బాగున్నది బాగుందనే చెబుతాను. బ్రూక్లిన్‌లో పెరిగిన పేదపిల్లాడి కథ బాగుంది. అసలు పేరు లారెన్స్ హార్వీ జైగర్. తొమ్మిదేళ్ళవాడు గ్రంథాలయం నుంచి పుస్తకాలు చంకన పెట్టుకుని ఇంటికొస్తుంటే వాకిట్లో పోలీసు కార్లు నిలబడి ఉంటాయి. నాన్న గుండె ఆగి పోయాడు. ఒక పోలీసు ఆ పసివాణ్ణి తనతో సినిమాకి తీసుకెళ్ళి ఊరుకోబెట్టాడు. ఆ పేజీ చదివినవాడికి గొంతు పట్టుకోకపోతే వాడు మనిషి కాడు.

1957 మే 1వ తేదీన మయామీలో రేడియోలో మొదటిరోజు సంగతీ బాగుంది. కార్యక్రమానికి కాసేపటి ముందు, ఆ ఇంటిపేరు జనానికి నోరు తిరగదని మేనేజరు పేరు మార్చేశాడు. పత్రికలో ఎదురుగా ఒక సారాయి కొట్టు ప్రకటన ఉంది, అందులో 'కింగ్' అని ఉంది, అదే పెట్టేశాడు. తీరా మైకు ముందు కూర్చుంటే మన రాజుగారికి నోట మాట రాలేదు. పాట పెడతాడు, తగ్గిస్తాడు, మళ్ళీ పెంచుతాడు. మేనేజరు తలుపు తన్నుకుంటూ వచ్చి అరిచాక, "నాకిది మొదటిరోజు, భయంగా ఉంది" అని శ్రోతలకి ఉన్నమాట చెప్పేశాడు. దాంతో భయం పోయింది. 1971లో డబ్బు వ్యవహారంలో అరెస్టయి ఉద్యోగం పోగొట్టుకున్న సంగతీ, 1987లో వచ్చిన గుండెపోటూ, ఏడుగురు స్త్రీలతో జరిగిన ఎనిమిది పెళ్ళిళ్ళూ... ఏదీ దాచలేదు.

తన గురించి చెప్పుకున్నంతసేపూ మనిషి బాగున్నాడు. ఎందుకంటే ఆ విషయం ఆయనకి తెలుసు. ఇతరుల దగ్గరికి వచ్చేసరికి పుస్తకం కాస్తా పెళ్ళి ఆల్బమ్ అయిపోతుంది. ఫలానావారు వచ్చారు, ఫలానావారు నవ్వారు, ఫలానావారు భుజం తట్టారు. అధ్యక్షులు, నటులు, పాటగాళ్ళు, హంతకులు, అందరూ ఒకే వరసలో. వాళ్ళు ఏం చెప్పారో, ఆ చెప్పినదాంట్లో నిజమెంతో ఆ ఆల్బమ్‌లో వెతుక్కోవాలి.

ఇక ఆయన వాదన వినండి. మనం న్యాయంగా ఉండాలి కదా. "టీవీ ముందు కూర్చున్న మామూలు మనిషి ఆ పుస్తకం చదివి ఉండడు. నేనూ చదవలేదు. కాబట్టి వాడు అడగదల్చుకున్నదే నేనడుగుతాను. చదివినవాడు ప్రశ్న అడగడు, ఉపన్యాసం ఇస్తాడు. నేను మాట్లాడుతున్నంతసేపూ నాకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు." స్థూలంగా ఇదీ ఆయన సిద్ధాంతం. వినడానికి ఇంపుగానే ఉంది. చివరిమాటయితే రాగిరేకు మీద చెక్కించుకోదగ్గది. నాకు పేచీ మొదటిదాంతోనే.

చూసేవాడికి తెలియదు కాబట్టి అడిగేవాడికీ తెలియక్కర్లేదుట! చూసేవాడికి తెలియదని ఎవరు చెప్పారండీ? 2007లో జెర్రీ సైన్‌ఫెల్డ్ అనే హాస్యనటుడు ఆయన ముందు కూర్చున్నాడు. అతని ధారావాహిక 1998లో, దేశమంతా ఇంకా కావాలంటున్నప్పుడు, తానే చాలించుకున్నాడు. చివరి భాగాన్ని 7 కోట్ల 60 లక్షల మంది చూశారు. కింగుగారు తీరిగ్గా, మీరే మానేశారా లేక వాళ్ళే తీసేశారా అని అడిగాడు. ఆ నటుడు నవ్వుతూనే, నేనెవరో మీకు తెలుసా అని ఎదురడిగాడు. ఆ రాత్రి అమెరికాలో ప్రతి వంటింట్లోనూ తెలిసిన సంగతి తెలియనిది ఒక్క అడిగేవాడికే. దీన్ని చూసేవాడి తరఫున అడగడం అంటారా? చూసేవాడి పరువు తీయడం అంటారు.

యాభై ఏళ్ళలో యాభైవేలంటే రోజుకి దాదాపు మూడు. రోజుకి ముగ్గుర్ని పలకరించేవాడికి చదివే తీరికేదీ అని మీరు జాలిపడవచ్చు. మూడిళ్ళు మొక్కుబడిగా తిరిగే పురోహితుడి మీద కూడా జాలిపడతాం. కానీ మంత్రం రాకపోవడమే మంత్రశక్తి అని ఆయన చెబితే ఒప్పుకోం కదా!

"మరి పుతిన్ సంగతేమిటి?" అని ఆయన అభిమానులు అడుగుతారు. అడగవలసిందే. 2000 ఆగస్టులో రష్యా జలాంతర్గామి కుర్స్క్ మునిగి 118 మంది ప్రాణాలు పోయాయి. సెప్టెంబరులో పుతిన్ ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు, జలాంతర్గామికి ఏమైంది అని కింగ్ పొట్టిగా అడిగాడు. "మునిగిపోయింది" అన్నాడు పుతిన్, చిరునవ్వుతో. ఆ ఒక్క మాటా, ఆ నవ్వూ ఆ మనిషిని గురించి వెయ్యి పేజీలు చెప్పాయి. చిన్న ప్రశ్న గొప్పదనం అది. ఒప్పుకున్నాను. కానీ అక్కడ ప్రశ్న పేలడానికి కారణం, అప్పటికి నాలుగు వారాలుగా ప్రపంచమంతా పత్రికలు చదివి ఉండడం. మందుగుండు జనం తెచ్చుకున్నారు, ఆయన అగ్గిపుల్ల గీశాడు. జనం దగ్గర మందుగుండు లేని రోజున అగ్గిపుల్ల ఎన్ని గీస్తే ఏం లాభం?

నవ్వులాట కాని విషయం ఇక్కడే ఉంది. 1992 ఫిబ్రవరి 20న రాస్ పెరో అనే కోటీశ్వరుడు ఆయన కార్యక్రమానికి వచ్చాడు. అధ్యక్ష పదవికి పోటీ చేస్తారా అని కింగ్ వదలకుండా అడిగాడు. ఆ పట్టుదల మెచ్చుకోవలసిందే. చివరికి, 50 రాష్ట్రాల్లోనూ ప్రజలే నా పేరు బ్యాలటు మీదికి ఎక్కిస్తే చేస్తానన్నాడు. నవంబరులో ఆయనకి దాదాపు 19 శాతం ఓట్లొచ్చాయి. ఆ ఏడు రాజకీయ నాయకులకి ఒక రహస్యం తెలిసిపోయింది. పాత ఫైళ్ళు చదివి, పన్నుల లెక్కలు కట్టి, మీరు మూడేళ్ళ కిందట ఇలా అన్నారే అని నిలదీసే పత్రికా విలేఖరి దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. ఏమీ చదవని మెత్తటి కుర్చీ ఒకటి ఉంది, అందులో కూర్చుంటే చాలు, దేశమంతా చూస్తుంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని మన సామెత. అడిగేవాడు చదవడం మానేస్తే సామెత తిరగబడుతుంది. అప్పుడు చెప్పేవాడికి అడిగేవాడు లోకువ. వాడి వెనక కూర్చున్న మనమందరం మరీ లోకువ.

ప్రశ్న అడగడం మనకి కొత్త విద్యేమీ కాదు. మన పురాణాలన్నీ ఎవరో అడగ్గా ఎవరో చెప్పినవే. వాటిల్లో అడిగేవాళ్ళు రెండు రకాలు. యక్షుడు ఒక రకం. ధర్మరాజుని అడిగిన ప్రతి ప్రశ్నకీ సమాధానం ఆయనకి ముందే తెలుసు. అందుకే తప్పు చెబితే దొరికిపోతాడు. పరీక్షిత్తు రెండో రకం. ఏడురోజుల్లో చావు ఖాయమైనవాడు శుకుణ్ణి అడిగాడు. తెలుసుకోకపోతే తరుణోపాయం లేదు కాబట్టి అడిగాడు. తెలిసుండాలి, లేదా తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకోవాలి. ఈ రెండూ కాని మూడోరకం ఒకటుంది. తెలియదు, తెలియనందుకు బెంగా లేదు, పైగా ప్రకటనల విరామానికి వేళవుతోంది! ఈ మూడోరకానికి పురాణాల్లో చోటు లేదు. టీవీలో ఉంది.

"అయ్యా, అదంతా సరదా కార్యక్రమం, దానికింత రాద్ధాంతమా?" అనేవాళ్ళకి ఒక జపాను ఆవిణ్ణి చూపిస్తాను. తెత్సుకో కురొయనాగి. 1976 ఫిబ్రవరి నుంచి తన పేరుతోనే, 'తెత్సుకో గది' అనే కార్యక్రమం నడుపుతూ, ఒకే మనిషి అత్యధిక భాగాలు నడిపినందుకు గిన్నిస్ రికార్డు కూడా సంపాదించింది. ఆవిడదీ సరదా కార్యక్రమమే, వచ్చేవాళ్ళూ సినిమావాళ్ళే. కానీ ఆవిడ అతిథి గురించి ముందుగా తెలుసుకుని, చేతిరాతతో నోట్సు రాసుకుని మరీ కూర్చుంటుంది. ఆవిడ కూడా 1981లో జ్ఞాపకాలు రాసింది. మీలో చాలామంది చదివే ఉంటారు. తెలుగులో దాని పేరు 'రైలుబడి'.

అందులో ఒక్క సినిమాతార భుజం తట్టదు. ఒకటో తరగతిలోనే, అల్లరి పడలేక బడి నుంచి పంపించేసిన పిల్ల. తల్లి ఆ పిల్లని పాత రైలుపెట్టెల్లో నడిచే తొమోయె బడికి తీసుకెళ్ళింది. హెడ్మాస్టరు సొసాకు కొబయాషి తల్లిని ఇంటికి పంపేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, నీకేం చెప్పాలనుంటే అది చెప్పు అన్నాడు. పిల్ల ఎక్కివచ్చిన రైలు గురించి చెప్పింది, పాతబడి దగ్గర పక్షి గూడు గురించి చెప్పింది, కుక్క గురించి చెప్పింది, తన గౌను గురించి చెప్పింది. సుమారు నాలుగు గంటలు. ఆయన ఒక్కసారి ఆవలించలేదు. తన మాటల్ని ఒకరు అంతసేపు వినడం ఆ పిల్లకి అదే మొదలు.

ఆ బడి 1945లో బాంబులకి కాలిపోయింది. కానీ ఆ నాలుగు గంటల వినికిడి ఎక్కడికీ పోలేదు. ఆవిడ గది తలుపు తీసిన ప్రతిసారీ అందులో కొబయాషిగారే కూర్చుని ఉన్నారని నా నమ్మకం. పుస్తకం మీద వచ్చిన డబ్బుతో ఆవిడ బధిర నటుల శిక్షణకి ఒక సంస్థ పెట్టింది. చెవులు వినపడనివాళ్ళ మాట కూడా లోకం వినాలనుకుంది. ఇదీ మాట్లాడించే వృత్తిలో ఉన్న మనిషి రాయవలసిన ఆత్మకథ. నా మాట ఎందరు విన్నారన్నది కాదు, నాకు వినడం ఎవరు నేర్పారన్నది.

పోయినవారిని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. లారీ కింగ్ 2021 జనవరిలో, 87వ ఏట కన్నుమూశాడు. ఆయనలో సగం మంచి ఉందని పైనే చెప్పాను. పొట్టిగా అడిగేవాడు, అడిగాక నోరు మూసుకుని వినేవాడు. నా బాధల్లా ఆయన వారసుల గురించి. మన తెలుగు ఛానళ్ళలో రాత్రి ఎనిమిదింటికి ఏ మీట నొక్కినా కనిపిస్తారు. ఆయన రెండు అలవాట్లలో పొట్టిగా అడిగి వినడం అనే మంచిదాన్ని వదిలేసి, చదవకపోవడం అనే రెండోదాన్ని మాత్రం భక్తిగా పుచ్చుకున్నారు. ప్రశ్నే మూడు నిమిషాలు, జవాబుకి ముప్ఫై సెకన్లు. అదీ మధ్యలో కోత.

కాబట్టి చూసేవాళ్ళకి నాదొక చిన్న సలహా. ఈసారి టీవీలో ఒక రచయితని కూర్చోబెట్టి, "మీ పుస్తకం గురించి నాలుగు మాటలు మీరే చెప్పండి" అని అడిగారనుకోండి, అడిగేవాడు దాని అట్ట కూడా తిప్పలేదని తెలుసుకోండి. వెంటనే టీవీ కట్టేసి, ఆ పుస్తకం మీరే తెచ్చుకుని చదవండి. ఆ గదిలో ఒకరైనా దాన్ని చదివి ఉండాలి కదా!