కాళ్ల మీద నిలబడ్డ ఇల్లు

పికప్ ట్రక్కు వెనక తొట్టిలో కూర్చోబెట్టి ఊళ్లు తిప్పే చిన్న ఇంటిని అమెరికాలో ట్రక్ క్యాంపర్ అంటారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, కొన్నిటిలో మరుగుదొడ్డి కూడా. నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ 1960లో ఇలాంటి బండిలోనే తన కుక్క చార్లీని వెంటబెట్టుకుని దేశం చుట్టొచ్చారు. డాన్ కిహోటే గుర్రం పేరు మీద ఆయన రోసినాంటే అని పిలుచుకున్న ఆ బండి ఇప్పుడు కాలిఫోర్నియాలోని సాలినాస్‌లో, ఆయన పేరిటే ఉన్న కేంద్రంలో భద్రంగా ఉంది. మ్యూజియం కప్పు కింద చేరిన క్యాంపర్‌కు దిగుల్లేదు. చిక్కంతా పెరట్లో ఉన్నవాటితోనే.

ఏడాదిలో ఎక్కువ రోజులు క్యాంపర్ ట్రక్కు మీద ఉండదు. టన్ను, టన్నున్నర బరువును రోజూ ఆఫీసుకు మోసుకెళ్లడం ఏ ఇంధనపు లెక్కకూ ఆనదు. అందుకే నాలుగు మూలలా నాలుగు జాక్‌లు బిగించి ఉంటాయి. మీట నొక్కితే అవి కిందికి సాగి ఇంటిని పైకెత్తుతాయి, ట్రక్కు నెమ్మదిగా ముందుకు కదిలి బయటికొస్తుంది. ఇల్లు నాలుగు కాళ్ల మీద గాల్లో నిలబడుతుంది. పని అయిపోయిందనుకుని యజమాని ఇంట్లోకి వెళ్లిపోతాడు. అసలు ప్రమాదం మొదలయ్యేది అప్పుడే.

ఈ జాక్‌లు ఎత్తడానికీ దించడానికీ తప్ప నెలల తరబడి మోయడానికి కాదు. పొలంలో మంచెకు కూడా నాలుగు కాళ్లే, కానీ అవి భూమిలో పాతినవి. జాక్ కాలికి కింద ఉండేది అరచేయంత ఇనుప పాదం. 1,600 కిలోల క్యాంపర్ అనుకుంటే ఒక్కో కాలి మీద సగటున 400 కిలోలు. నిట్టనిలువుగా పడే ఆ బరువును కాలు తట్టుకుంటుంది. పక్కనుంచి వచ్చే తోపుకే అది బలహీనం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు దాదాపు 48 కిలోల ఒత్తిడి పెడుతుంది. తొమ్మిది చదరపు మీటర్ల పక్కగోడ మీద అది 400 కిలోలు దాటుతుంది. వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగు రెట్లు. ఓక్లహామా, టెక్సస్‌లలో వసంతకాలపు ఉరుముల వానలకు ఈ వేగం వింతేమీ కాదు. కాళ్లు ఎంత పొడవు సాగి ఉంటే, వంగడం అంత తేలిక.

కాబట్టి మొదటి సూత్రం ఒక్కటే: ట్రక్కు బయటికి రాగానే క్యాంపర్‌ను వీలైనంత కిందికి దించాలి. ఒక మూలనే ఒక్కసారిగా దించేస్తే చట్రం మెలిపడుతుంది. అన్ని మూలలనూ కొంచెం కొంచెంగా దించుకుంటూ రావాలి. డ్రైవర్ క్యాబిన్ మీదికి చొచ్చుకొచ్చే పడకగది వల్ల ముందుభాగం బరువుగా ఉంటుంది కనుక ఆ వైపును కాస్త ఎత్తుగానే ఉంచడం మంచిది. ముక్కు కిందికి వాలితే బరువంతా అటే జారుతుంది.

దించాక అడుగుభాగానికి ఆధారం కావాలి. ముందొకటి, వెనకొకటి అడ్డంగా దళసరి కలప దూలాలు పెడితే చాలు. బరువులో ఎక్కువ భాగం వాటి మీద పడాలి, జాక్‌లు నేలకు ఆని పక్కకు ఒరగకుండా కాపు కాయాలి. చవగ్గా దొరుకుతాయని గుల్ల సిమెంటు దిమ్మెలు పేర్చేవాళ్లున్నారు. ఆ దిమ్మె ముందస్తు హెచ్చరిక లేకుండా ఫట్‌మని పగులుతుంది. కలప అయితే నలుగుతుంది, కిర్రుమంటుంది, ఎంతో కొంత వ్యవధి ఇస్తుంది. ఈ ఆధారం పెట్టకుండా లోపలికెళ్లి మంచం మీద పడుకోవడం, పిల్లలను కింద దూరి దాగుడుమూతలు ఆడుకోనివ్వడం అనే రెండు పనులూ ఎవరు చేసినా తప్పే.

ఇక నేల. డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్‌లలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. అక్కడిది చాలాచోట్ల నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఇళ్ల పునాదులనే కదిలించే ఆ నేల మీద జాక్ పాదం ఒక్క తడిసిన వారంలో దిగబడొచ్చు, అదీ నాలుగు మూలలా ఒకే లోతున కాదు. కాంక్రీట్ మీద నిలిపితే ఈ బెడద ఉండదు. కానీ ఇంటి ముందు కాంక్రీట్ మీద క్యాంపర్ కనబడితే కాలనీ సంఘం నోటీసు వచ్చే పేటలు బోలెడు. ఇల్లు మనదే, వాకిలి మాత్రం అందరిదీ. చివరికి క్యాంపర్ పెరటి మట్టిలోకే చేరుతుంది. అలాంటప్పుడు ప్రతి పాదం కిందా అడుగున్నర చదరపు మందపాటి చెక్క పలక వేయాలి. పెద్దవాన పడిన ప్రతిసారీ మట్టం చూసుకోవాలి.

చలి సంగతి వేరు. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, గొట్టాలు చీలుతాయి. మిన్నెసోటాలో ఉన్నవాళ్లకు ఇది ఏటా ఉండే తంతు. టెక్సస్‌కు మాత్రం 2021 ఫిబ్రవరి మంచు తుపానులో వేల ఇళ్ల గొట్టాలు పగిలాక తెలిసొచ్చింది. ట్యాంకులు, వాటర్ హీటర్ ఖాళీ చేసి, గొట్టాల్లో ప్రొపిలిన్ గ్లైకాల్‌తో చేసిన గులాబీ రంగు ద్రవం నింపడం అక్కడి పద్ధతి. కారు రేడియేటర్‌లో పోసే ఎథిలిన్ గ్లైకాల్ విషం, తాగునీటి గొట్టాల్లోకి అది పోకూడదు. ప్రొపేన్ సిలిండర్ వాల్వు మూసెయ్యాలి. మన వంటగ్యాస్‌లాగే అదీ గాలి కంటే బరువు, లీకైతే నేలబారునే పేరుకుంటుంది.

కప్పు మీది సీలెంట్ అతుకులు ఎండకు పగులుతాయి. అక్కడ వెంట్రుకవాసి సందు చాలు, లోపలి కలప చట్రం నెలల్లో చివికిపోతుంది. పైన ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే తడి లోపలే ఉడుకుతుంది, గాలాడే గుడ్డ మేలు. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచకపోతే బూజు ఖాయం. ఎలుకలకు గొట్టాల పక్క సందులే రాజమార్గం, వాటిలో ఉక్కు పీచు కుక్కాలి.

బ్యాటరీని అందరూ ఆఖర్న తలుస్తారు. అన్నీ ఆపేశామనుకున్నా గ్యాస్ లీకును పసిగట్టే పరికరం రాత్రింబవళ్లు కరెంటు పీలుస్తూనే ఉంటుంది. కొన్ని వారాల్లో బ్యాటరీ చచ్చిపోతుంది. ఛార్జి దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగలొచ్చు, నిండుగా ఛార్జి ఉన్నది ఎంత చలినైనా దాదాపుగా తట్టుకుంటుంది. కొత్త లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని మాత్రం సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయకూడదు. తీగ ఊడదీసి ఉంచడమే ఉత్తమం. ఎందుకంటే కరెంటు జాక్‌లు నడిచేది కూడా ఈ బ్యాటరీ మీదే. వసంతంలో ప్రయాణానికి సిద్ధమై మీట నొక్కితే చప్పుడుండదు. చేత్తో తిప్పే హ్యాండిల్ ఒకటి ఇస్తారు గానీ, అది కాస్తా క్యాంపర్ లోపలి అరల్లో ఎక్కడో ఉంటుంది. దాన్ని ట్రక్కు సీటు కిందికి మార్చుకోవాల్సింది శరదృతువులో, క్యాంపర్‌ను దించిన రోజునే.