మనయింటి కంప్యూటరు: క్రొత్త సాధనములను చేర్చుకొను విధము



ఇంటి పాత కంప్యూటరులో ఉబుంటు అను వ్యవస్థను పెట్టించుకొనియు, దానిలో నొక క్రొత్త సాధనమును చేర్చుకొనవలసి వచ్చినప్పుడెల్ల మేనల్లుని రాకకై యెదురుచూచువారు మనలో పెక్కురు కలరు. వంటయింటి తాళపుచెవి పొరుగువారి కొంగున నున్నచో గృహిణికి స్వాతంత్ర్య మెక్కడిది? కావున ఈ మాసమున ఆ విషయమునే ముచ్చటింప దలంచితిమి.

ఉబుంటు 2004వ సంవత్సరము అక్టోబరు నెలలో మొదట వెలువడినది. దానికి మూలము 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్. డెబియనునకు ఆధారము, ఫిన్లాండు దేశమున విద్యార్థిగా నున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించిన లినక్సు. వీని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పదుగురికి పంచవచ్చును.

ఇతర వ్యవస్థలకు అలవాటుపడినవారు, సాధనము కావలసినప్పుడు, ఎక్కడనో కనబడిన ఫైలును దింపుకొని నొక్కివేయుదురు. ఇచ్చట ఆ పద్ధతి వలదు. ఇచ్చట సాధనము లన్నియు ప్యాకేజీలను మూటలుగా కట్టబడి, ఒక మహాభాండారమున అమర్చబడియుండును. 2023 జూనులో వెలువడిన డెబియన్ 12వ కూర్పులో అట్టి మూటలు 64 వేలకు పైగా నున్నవి. భాండారపు పట్టికకు రహస్యముద్ర యుండును. యంత్రము ఆ ముద్రను సరిచూచి, త్రోవలో కల్తీపడిన మూటను నిరాకరించును. ఎఱుగని అంగడిలో నూనె కొనుటకును, నమ్మిన గానుగవానియొద్ద కొనుటకును గల భేదమే ఇందును గలదు.

మూటను తెప్పించుకొను మార్గములు రెండు. చిత్రములతో గూడిన అంగడిని తెఱచి, పేరు వెదకి, ఇన్‌స్టాల్ అను మీటను నొక్కుట మొదటిది. టెర్మినల్ అను గవాక్షమున ఆజ్ఞను వ్రాయుట రెండవది. ఇది చూచుటకు భయము గొల్పునుగాని, జరుగుచున్న దేమో దాపఱికము లేక తెలుపును. ముగ్గుల నమూనాలు గీయుటకు ఇంక్‌స్కేప్ అను సాధనము కావలెననుకొందము. మొదట ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ అని వ్రాసి ఎంటర్ నొక్కవలయును. పిదప ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఇంక్‌స్కేప్’ అని వ్రాయవలయును. ఇవన్నియు ఇంగ్లీషు చిన్న యక్షరములతో, మాటకు మాటకు నడుమ ఎడము విడిచి వ్రాయవలసినవి.

సుడో యనగా యజమానురాలి యధికారముతో చేయుమనుట. అందువలననే యంత్రము సంకేతపదము నడుగును. దానిని వ్రాయునప్పుడు చాల కూర్పులలో తెరపై నొక్క చుక్కయు కనబడదు. మీటలు చెడినవని తొందరపడక, పూర్తిగా వ్రాసి ఎంటర్ నొక్కుడు. అప్‌డేట్ అనునది భాండారపు పట్టికను మాత్రమే క్రొత్తది తెచ్చును. యంత్రముననున్న సాధనములను క్రొత్తవానిగా మార్చునది అప్‌గ్రేడ్. ఈ రెంటిని ఒకటిగా తలపరాదు.

ఆజ్ఞ యిచ్చినంతనే, కోరని పేర్లు పెక్కు కనబడును. బెదరవలదు. ఆవకాయ పెట్టదలచినయింట మామిడికాయలు మాత్రమున్న చాలునా? ఆవపిండి, కారము, ఉప్పు, నూనె యుండవలెను. అట్లే ఒక సాధనమునకు ఉపసాధనములు కావలెను. వానిని లెక్కించి తెచ్చు పనియే ఆప్ట్ చేయునది. 1999లో డెబియన్ 2.1 కూర్పుతో అది వాడుకలోనికి వచ్చెను.

అయితే ముఖ్యమైన మాట యొకటి యున్నది. చాల తరుణముల యంత్రము పట్టికను చూపి, ‘కొనసాగింతునా?’ యని యడుగును. అప్పుడు అవునను యక్షరమును నొక్కుటకు ముందు ఆ పట్టికను చదువుడు. చేర్చబడునవి వేఱు, తొలగింపబడునవి వేఱు. 2021లో కెనడా దేశమున యంత్రవిషయములు తెలిసిన యొక ప్రసిద్ధ వ్యాఖ్యాత, ఉబుంటుకు చుట్టమైన పాప్ ఓఎస్‌లో ఆటల సాధనము నొకదానిని చేర్చబోయెను. మూటలో దోష ముండుటచే, తెరపై కనబడు సామగ్రినంతయు తీసివేయవలసివచ్చునని యంత్రము హెచ్చరించి, అంగీకారవాక్యమును పూర్తిగా వ్రాయుమనెను. ఆయన వ్రాసెను, తెర శూన్యమయ్యెను. వరమేమో వినకమున్నే యిచ్చెదనని పలికిన దశరథుని గతి మన మెఱుగనిదా? తొలగింపబడు పట్టికలో ఎఱుగని పేర్లు పెక్కు కనబడెనా, కాదను యక్షరమును నొక్కి ఊరకుండుడు. అందువలన చెడునది యేమియు లేదు.

‘మూట దొరకలేదు’ అని వచ్చినచో, పేరులో నక్షరము తప్పెనేమో చూడుడు. అప్‌డేట్ చేసితిమా యని తలచికొనుడు. ‘తాళము పడియున్నది’ అను భావము గల సందేశము వచ్చినచో, మఱియొక పని లోపల జరుగుచున్నదని యర్థము. తఱచుగా అది యంత్రము తనంత తాను చేసికొను సవరణయే. తాళమును పగులగొట్టు ఉపాయములు చెప్పువా రుందురు. వినక, కొంతసేపు వేచియుండుడు. ముక్కుమొగ మెఱుగనివారు చెప్పిన సుడో ఆజ్ఞను అర్థము తెలియక వ్రాయుట, చదువని పత్రముపై వ్రాలు చేయుటయే.

వలదనుకొన్న సాధనమును రిమూవ్ అను మాటతో తీసివేయవచ్చును. పర్జ్ అన్నచో దాని యమరికలును పోవును. పనిలేక మిగిలిన ఉపసాధనములను ఆటోరిమూవ్ ఊడ్చివేయును. అప్పుడును పట్టిక చదువుట మఱవవలదు.

మొదటి యభ్యాసమునకు మన భాషనే గైకొనుడు. ‘ఫాంట్స్, అడ్డగీత, తెలు’ అను పేరుగల మూటను తెప్పించినచో, పోతన, వేమనల పేర్లు పెట్టుకొన్న లిపులును దానివెంట వచ్చును. చిన్న మూట, ఫలము వెంటనే కనులకు కనబడును.

చాకలిపద్దు వ్రాసికొను పుస్తకము వంటిదే యొకటి యంత్రమునకును ఉంచుడు. ఏ దినమున ఏ మూటను ఏ పనికై చేర్చితిరో తెలుగున వ్రాసికొనుడు. ఆఱు మాసములు గడచినపిదప, మేనల్లుడు వచ్చి ‘ఇది యెవరు పెట్టిరి?’ అని యడిగినచో, పుస్తకమును చూపి సమాధానము చెప్పగలరు.