మాటా మంతీ: ఈత వచ్చిన అబ్బాయి ఎక్కడ నిలబడాలి?

బెంగుళూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరంతో ఈసారి ముచ్చట మొదలుపెడతాను. ఏడో తరగతి చదువుతున్న వారి అబ్బాయి ఒకరోజు నాయనమ్మతో, "నాకొక ఫ్రెండున్నాడు, ఎవడు చాలా బాగా ఈదగలడో" అన్నాడట. ఆవిడ కాసేపు చూసి, "ఎవడురా? నన్నడిగితే నాకేం తెలుసు?" అన్నారట. ఇంటిల్లిపాదీ నవ్వారు. పిల్లవాడు చిన్నబుచ్చుకున్నాడు. అప్పటినుంచి నాయనమ్మతో ఇంగ్లీషులోనే, అదీ పొడి పొడిగా మాట్లాడుతున్నాడట. "తెలుగు దిద్దబోతే అసలు మాటలే కరువయ్యేలా ఉన్నాయి, ఏం చేయమంటారు?" అని ఆ తల్లి అడుగుతున్నారు.

ముందు ఒక మాట. ఆ అబ్బాయికి తెలివి తక్కువేమీ కాదు. బడిలో నేర్చిన "ఎ ఫ్రెండ్ హూ కెన్ స్విమ్" అనే వాక్యాన్ని ముక్కకు ముక్క తెలుగులో పేర్చాడు, అంతే. 'హూ' అంటే 'ఎవరు' అని నేర్పింది పెద్దవాళ్ళమే కదా! ఇంగ్లీషులో ఆ ఒక్క మాట రెండు ఉద్యోగాలు చేస్తుంది. "హూ కెన్ స్విమ్?" అంటే ప్రశ్న. "ఎ ఫ్రెండ్ హూ కెన్ స్విమ్" అన్నప్పుడు అందులో ప్రశ్న ఏదీ లేదు. ముందు మనిషిని చూపించి, అతనికి ఏమి చేతనవునో వెనకనుంచి తగిలించే కొక్కెం అది. మన 'ఎవరు' ఆ రెండో ఉద్యోగం ఒంటరిగా చేయలేదు. అందుకే నాయనమ్మగారికి అది ప్రశ్నలా వినిపించింది. ఆవిడ చెవి తప్పు కాదు.

మరి తెలుగులో ఏం చేస్తాం? కొక్కెమే పెట్టం. క్రియనే విశేషణంగా మార్చి మనిషికి ముందు కూర్చోబెడతాం. 'ఈత వచ్చిన స్నేహితుడు', 'లెక్కలు చెప్పగల అక్కయ్య', 'వంట రాని బావగారు'. బడి వ్యాకరణంలో దీన్ని క్రియాజన్య విశేషణం అంటారు. ద్రావిడ భాషలన్నిటినీ పోల్చి 1856లో వ్యాకరణం ప్రకటించిన కాల్డ్వెల్ దొర ఈ పద్ధతిని ఈ కుటుంబపు ముఖ్య లక్షణాల్లో ఒకటిగా గుర్తించాడు. తెలుగులో వర్ణన ముందు, మనిషి చివర. ఇంగ్లీషులో మనిషి ముందు, వర్ణన చివర. చిక్కంతా ఈ నిలబడే చోటు దగ్గరే ఉంది.

మనం బయటి రాష్ట్రాల్లో ఉండడం వల్ల ఈ సంగతి మనకు మరింత బాగా తెలియాలి. కన్నడంలో 'ఈజు బరువ హుడుగ', తమిళంలో 'నీచ్చల్ తెరింద పైయన్' అంటారు. వరస అచ్చంగా మనదే. షోలాపూరు, ముంబయి పాఠకులకు మరాఠీలో 'జ్యాలా పోహతా యేతం తో ముల్గా' అనడం అలవాటు. ఇది ఎవరికైతే, వాడు అనే జంట మాటల పద్ధతి. (ఇంకొక తమాషా చూడండి: మనకు ఈత 'వచ్చు', మరాఠీవారికీ ఈత 'వస్తుంది'. ఇద్దరికీ విద్య నడిచి వస్తుందన్నమాట!) మా బరంపురంలో ఒరియా పిల్లలు 'జేఉం పిలా పహఁరి పారే, సే' అంటారు. మరాఠీకి, ఒరియాకు మనలాంటి విశేషణపు దారి కూడా ఉంది. కాబట్టి మన పిల్లలు వీధిలో ఒక వరస, ఇంట్లో ఒక వరస, బడిలో మరొక వరస వింటున్నారు. అప్పుడప్పుడు కలగలిసిపోతే ఆశ్చర్యం ఏముంది?

ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక నాకు పనికొచ్చిన ఉపాయం చెబుతాను. పిల్లవాడిచేత ముందు తెలుగు వాక్యమే చెప్పించండి. "ఈత వచ్చిన అబ్బాయి." ఇందులో మనిషి ఎవరు? అబ్బాయి. వాణ్ణి లాక్కొచ్చి ముందు నిలబెట్టు: "ది బాయ్". ఇప్పుడు కొక్కెం తగిలించు: "హూ". మిగిలింది ఏమిటి? "కెన్ స్విమ్". అయిపోయింది. తెలుగు వరస గట్టిగా ఉన్న పిల్లలు ఈ తిరగేయడం త్వరగా పట్టుకుంటారు. తెలుగే వదులైన పిల్లలకు తిరగేయడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇక్కడ మనవాళ్ళు జారే చోట్లు రెండు. "ది బాయ్ హూ హీ కెన్ స్విమ్" అని మధ్యలో మరొక 'హీ' దూరుస్తారు. కొక్కెమే ఆ పని చేసేసింది, రెండో మనిషి అక్కరలేదు. రెండోది, "వంట వచ్చిన మనిషి" అనగానే మన బుర్రలో "మనిషికి వంట వచ్చు" అని ఉంటుంది, 'కి' ఉంటుంది. ఇంగ్లీషులో వంట రాదు, మనిషే చేస్తాడు. అందుకని "ఎ పర్సన్ హూ కెన్ కుక్" అనాలి. 'టు హూమ్' అక్కరలేదు.

'కెన్' గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తెలుగు చాలా నాజూకైనది. నేర్చుకున్న విద్యకు 'వచ్చు' అంటాం, అప్పటికి ఉన్న శక్తికి 'గలడు' అంటాం. "వాడికి ఈత వచ్చు, కాని ఇవాళ జ్వరం, ఈదలేడు." ఇంగ్లీషు రెంటికీ 'కెన్' తోనే సరిపెడుతుంది. తేడా చూపించాలంటే "హూ నోస్ హౌ టు స్విమ్" అని పొడిగించాలి. 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాంలో ఆ భాష చదువుకున్న కుటుంబాలవారికి ఇది కొత్త కాదు. విద్యకు 'సవ్వార్', వీలుకు 'పువ్వార్' అని ఫ్రెంచిలోనూ రెండు మాటలున్నాయి.

ఇంకొంచెం లోతుకు వెళితే, 'ఏరు దాటగల మనిషి' వేరు, 'ఏరు దాటగలిగిన మనిషి' వేరు. మొదటివాడికి ఆ సత్తా ఉంది. రెండోవాడు ఒకనాడు నిజంగా దాటి ఒడ్డుకు చేరాడు. ఇంగ్లీషులో మొదటిది "హూ కెన్ క్రాస్". రెండోదానికి చాలామంది "హూ కుడ్ క్రాస్" రాసేస్తారు. దాని అర్థం ఒకప్పుడు ఆ సత్తా ఉండేదని. దాటి చూపించిన సంగతి చెప్పాలంటే "హూ వాజ్ ఏబుల్ టు క్రాస్" అనో, "హూ మేనేజ్డ్ టు క్రాస్" అనో రాయాలి. ఉద్యోగాల దరఖాస్తుల్లో ఈ తేడా బాగా పనికొస్తుంది.

సంబంధాల ఉత్తరాలు రాసే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. "మై డాటర్ హూ కెన్ సింగ్" అని కామా లేకుండా రాస్తే, పాడలేని కూతురు ఇంకొకతె కూడా ఉందన్న ధ్వని వస్తుంది. ఒక్కతే కూతురైతే 'డాటర్' తర్వాత కామా, 'సింగ్' తర్వాత మరొక కామా పెట్టాలి. తెలుగులో 'పాడగల మా అమ్మాయి' అంటే ఈ తేడా రాతలో కనిపించదు, సందర్భమే చెబుతుంది. ఫోనుల్లో సందేశాలు కొట్టే ఈ రోజుల్లో కామాలను ఎవరూ ఖాతరు చేయడం లేదనుకోండి. అయినా పెళ్ళి మాటల దగ్గర కాస్త ఖాతరు చేయడమే మంచిది.

ఇక 'ఎవరైతే' సంగతి. మన ఉగాది సభల్లో మైకు పట్టుకున్నవారు "ఎవరైతే పాడగలరో వాళ్ళు ముందుకు రండి" అంటున్నారు. "పాడగలవాళ్ళు ముందుకు రండి" అంటే రెండు మాటలు ఆదా. ఈ జంట మాటల కట్టు తెలుగుకు పరాయిదని నేననను. పోతనగారి గజేంద్రుడు భగవంతుణ్ణి పిలిచింది ఆ కట్టులోనే. ఒక్కొక్క గుణమే చెబుతూ చివరికి 'వాణ్ణి' చేరుకునే గంభీరమైన పద్ధతి అది. కారు నడపగల బాబాయి గురించి చెప్పడానికి అంత గాంభీర్యం ఎందుకు? అలాగని వర్ణన పొడుగైతే అంతా మనిషి ముందే కుక్కకండి. "ఆయన మా బాబాయి. ఐదు భాషలు మాట్లాడగలరు" అని రెండు వాక్యాలు చేస్తే తెలుగుకు హాయి.

బెంగుళూరు సోదరికి నా సలహా ఇది. నాయనమ్మగారికే ఒక పని అప్పగించండి. పిల్లవాణ్ణి దిద్దవద్దని, నవ్వవద్దని చెప్పండి. వాడు ఎలా చెప్పినా ఆవిడ, "ఓహో, అంత బాగా ఈదగల స్నేహితుడా! ఎక్కడ నేర్చుకున్నాడుట?" అని ప్రశ్న వేస్తే చాలు. సరైన వాక్యం వాడి చెవిన పడుతుంది, కబురు ముందుకు సాగుతుంది. పదిసార్లు విన్నది పదకొండోసారి నోటికి వస్తుంది. బదులుగా వారానికొకసారి వాడు ఆవిడకు "మై గ్రాండ్‌మదర్, హూ కెన్..." అని మొదలుపెట్టి ఒక వాక్యం చెప్పాలి. ఆవిడకు ఏమేమి చేతనవునో వాడు అడిగి తెలుసుకోవలసి వస్తుంది. పచ్చళ్ళతో మొదలై ఎంత దూరం పోతుందో చూడండి.

మిగతా పిల్లలకు ఈ సంచికలో నాలుగు వాక్యాలు ఇస్తున్నాను, ఇంగ్లీషులో పెట్టి పంపండి. ఒంటి చేత్తో పెళ్ళి భోజనం వండగల మా పెద్దమ్మ వచ్చింది. చదవడం రాని కూరగాయల అవ్వ లెక్క ఎప్పుడూ తప్పదు. వరదలో ఏరు దాటగలిగిన పడవవాడు ఇతనే. చేయి తిరిగిన దర్జీ ఒకడు మా వీధిలో ఉన్నాడు. మొదటిదానికి మీ ఇంట్లో పెద్దమ్మలు ఎందరో లెక్క చూసుకుని కామా పెట్టండి. చివరిదానికి అసలు 'హూ' కావాలో అక్కరలేదో ఆలోచించండి. జవాబులు వచ్చే సంచికలో చూద్దాం.