సంతకం కదిరిలో, కోర్టు చెన్నైలో

ట్రాక్టర్ ఫైనాన్సు కాగితాలు మీ ఇంట్లో ఉంటే తీసి చివరి పేజీలు చూడండి. ఇంగ్లీషులో, చీమల బారులాంటి అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది. ఏ తగాదా వచ్చినా చెన్నై కోర్టులకే అధికారం అని. కొన్నింటిలో ముంబయి ఉంటుంది. తనకల్లు రైతు కదిరి షోరూములో బల్ల మీద ఇరవై చోట్ల సంతకాలు పెట్టి వస్తాడు. కాగితంలో మాత్రం ఒప్పందం చెన్నైలో కుదిరినట్టు రాసుకుంటారు. వానలు ఎగ్గొట్టి, శనక్కాయ ఎండి, రెండు కంతులు తప్పాయంటే చాలు, ఆ షరతు బయటికి తీస్తారు.

అసలు చట్టం మనకు వ్యతిరేకం కాదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ ప్రకారం దావా వెయ్యాల్సింది ప్రతివాది కాపురమున్న చోట, లేదా వ్యాపారం చేసే చోట, లేదా వ్యవహారం మొత్తంగా గానీ కొంత గానీ జరిగిన చోట. కంపెనీలు పట్టుకునేది ఆ 'కొంత' అనే మాటను. 1989లో ఏబీసీ లామినార్ట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: అధికారమున్న రెండు మూడు కోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకుని రాసుకోవచ్చు, అసలు అధికారమే లేని కోర్టుకు ఒప్పందంతో అధికారం కట్టబెట్టలేరు. చెన్నైలో సంతకమైనట్టు ఎందుకు రాసుకుంటారో ఇప్పుడు అర్థమైందా? ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయంటారు. ఆ వాక్యం కొట్టేయమని అడిగితే ట్రాక్టర్ ఇస్తారా?

చెక్కుల సంగతి ఇంకా అన్యాయం. లోను ఇచ్చేటప్పుడే ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకుంటారు. చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు. 2014 ఆగస్టు 1న దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు, చెక్కు ఏ బ్యాంకుదో ఆ బ్యాంకున్న చోటే కేసు వెయ్యాలంది. అంటే మన కదిరిలోనే. ఏడాది తిరగలేదు, 2015 జూన్‌లో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో చట్టమే చేసింది. డబ్బు రావాల్సినవాడి ఖాతా ఎక్కడుంటే అక్కడే కేసు! 2004లో రాజ్యసభలో పెట్టిన విత్తన బిల్లు చట్టం కాకుండానే పోయింది. ఫైనాన్సు వాళ్లకు మాత్రం పది నెలల్లో పని అయిపోయింది.

ఇంకోటి ఆర్బిట్రేషన్. కంపెనీ వాళ్లే ఒక మధ్యవర్తిని పెట్టి, చెన్నైలో కూర్చోబెట్టి, మనకు నోటీసు పంపుతారు. రాత్రి బస్సెక్కి పోయి అక్కడ లాయరును వెతుక్కుని వాదించేదెవరు? పోకపోతే ఏకపక్షంగా తీర్పిస్తారు. ఆ తీర్పు పట్టుకుని జప్తుకు మన ఇంటికే వస్తారు. విచారణకు దూరమైన ఊరు జప్తుకు దగ్గరైపోతుంది! కేసు ఫలితంతో సంబంధమున్నవాడు తనంతట తానే ఏకైక మధ్యవర్తిని నియమించడం చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట మన ఊళ్లలో ఎంతమందికి చేరింది?

మనం కంపెనీ మీద పోవాల్సి వచ్చినప్పుడు దారి కాస్త మెరుగు. మన ఆంధ్రప్రదేశ్ రైతులే నాసిరకం విత్తనాల మీద నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌తో సుప్రీంకోర్టు దాకా పోరాడి 2012 జనవరిలో గెలిచారు. రైతు వినియోగదారుడు కాడని, ఆర్బిట్రేషన్ షరతు ఉందని సంస్థ చేసిన వాదనలు నిలవలేదు. కొన్న విత్తనమంతా నాటేసిన రైతును పరీక్షకు శాంపిల్ తెమ్మనడం కుదరదని కూడా కోర్టు అంది. తర్వాత 2019 వినియోగదారుల చట్టం 34వ సెక్షన్‌లో, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకునే హక్కు వచ్చింది. విత్తనం, మోటారు, డ్రిప్పు, ఏదైనా సరే. ఐదు లక్షల దాకా చెల్లించిన సరుకుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. బిల్లు, విత్తనం సంచి పారెయ్యొద్దు.

కవరు వస్తే పోస్ట్‌మ్యాన్‌తో 'లేడని చెప్పు' అనకండి. తీసుకోకపోయినా అందినట్టే లెక్క. తెరవండి, తేదీ రాసుకోండి. దావా అయితే, ఈ కోర్టుకు అధికారం లేదనే అభ్యంతరం మొదట్లోనే లిఖితంగా పెట్టాలి. 21వ సెక్షన్ ప్రకారం ఇష్యూలు ఖరారయ్యాక దాన్ని ఎత్తితే సాధారణంగా వినరు. ఆర్బిట్రేషన్ నోటీసైతే, ఈ నియామకానికి నా సమ్మతి లేదని వెంటనే స్పీడ్ పోస్టులో పంపండి. తీర్పు వచ్చేసి ఉంటే, చేతికందిన రోజు నుంచి మూడు నెలల్లో సవాలు చెయ్యాలి.

యూరప్‌లో కంపెనీ సాధారణ వినియోగదారుని మీద కేసు వెయ్యాలంటే అతను నివసించే దేశంలోనే వెయ్యాలి. వేరే చోటికి పోదామనే ఒప్పందం తగాదా వచ్చాక చేసుకుంటేనే చెల్లుతుంది, ముందే అచ్చేసిన షరతును మామూలుగా లెక్కచెయ్యరు. మనం అడిగేదీ అదే. రైతుకిచ్చిన అప్పు మీద దావా, చెక్కు కేసు, ఆర్బిట్రేషన్ ఏదైనా రైతు ఉన్న రెవెన్యూ డివిజన్‌లోనే జరగాలి. ఒప్పందం తెలుగులో ఇవ్వాలి. ఖాళీ చెక్కులు తీసుకోవడం నేరం కావాలి. దీని మీద మన ఎంపీని, ఎమ్మెల్యేని నిలదీయడానికి ఆధారాలు కావాలి. మీ ఒప్పందాల, నోటీసుల జిరాక్సులు వచ్చే నెల మండల కమిటీ సమావేశానికి పట్టుకురండి.