ఓడుతున్న ఆటను విడవవచ్చునా?

పల్లెటూళ్ళలో చెడుగుడు ఆడేవారి పలుకుబడిలో రెండు చిత్రమైన మాటలున్నాయి. ప్రత్యర్థులకు చిక్కి బరి వెలుపలికి వెళ్ళిన ఆటగాణ్ణి 'చచ్చాడు' అంటారు. అతని జట్టువాడొకడు కూతకు వెళ్ళి, ఎదుటి పక్షంలో ఒకరిని తాకి క్షేమంగా తిరిగివస్తే, ఆ చచ్చినవాడు 'బ్రతికాడు' అంటారు. ఏడుగురిలో ఆరుగురు చచ్చి, ఒక్కడే బరిలో మిగిలిన క్షణం ఆ ఆటలో మిక్కిలి ఉత్కంఠభరితమైనది. గెలుపు దాదాపు చేజారినట్లే. అయినప్పటికీ గీత అవతల కూర్చున్న ఆరుగురి చూపులూ అతనిపైనే నిలిచి ఉంటాయి. అతడు ఒకరిని తాకి వస్తే ఒకరు బ్రతుకుతారు. ఆ ఇద్దరూ కలిసి మరొకరిని బ్రతికించుకుంటారు. అటువంటి సమయంలో అతడు "ఎలాగూ ఓడిపోతాం" అంటూ తువ్వాలు దులుపుకొని ఇంటిదారి పడితే ఓడేది అతడొక్కడే కాదు. బ్రతికే అవకాశమున్న ఆరుగురికీ ఆ అవకాశం లేకుండా పోతుంది.

నేడు ఆ బరి మట్టినేల నుండి తెర మీదికి కూడా విస్తరించింది. వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు దేశాలలో ఉన్నవారు అంతర్జాలం ద్వారా జట్లుగా ఏర్పడి ఆడుకోవడం యువతరానికి నిత్యవ్యాపకమైంది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో ఇటువంటి ఆటలకు పతకాలు కూడా బహూకరించారు. వాటిలో 'డోటా 2', 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' అనేవి జట్టుకు ఐదుగురు చొప్పున ఆడేవి. ఒకడు ముందు నిలిచి దెబ్బలు కాచుకుంటే, మరొకడు వెనుక నుండి సాయమందిస్తాడు. ఐదుగురూ ఐదు వేళ్ళవలె కలిస్తేనే పిడికిలి బిగుస్తుంది. ఆట పాడవుతున్నదని తోచగానే ఒకడు మీట నొక్కి తప్పుకుంటే, మిగిలిన నలుగురూ ఎదుటి ఐదుగురితో తలపడవలసి వస్తుంది. ఓడుతున్న ఆటను ఈ విధంగా విడిచిపోవడం క్రీడాస్ఫూర్తికి విరుద్ధమా, కాదా అన్న ప్రశ్న ఇక్కడే జనిస్తుంది.

విడిచిపోయేవారి పక్షాన కొన్ని వాదాలు లేకపోలేదు. ఆట వినోదం కొరకే కదా, వినోదం అడుగంటిన తరువాత కూర్చుండవలసిన అగత్యమేమిటన్నది మొదటి వాదం. ఓటమి ఖాయమని తేలిన పిమ్మట ఆటను సాగదీయడం కాలహరణమే అన్నది రెండవది. తనకు అన్యాయం జరిగినప్పుడు, తోటివారే దూషిస్తున్నప్పుడు సహించి ఆడడం ఆత్మగౌరవానికి భంగమన్నది మూడవది. ఈ వాదాలు ఒక్కమాటతో కొట్టివేయదగినవి కావు. ఒక్కొక్కదానినీ తూచి చూడవలసిందే.

మొదటి వాదంలో కొంత సత్యమున్నది. ఆట వినోదం కొరకే. కానీ ఆ వినోదం ఒక్కరి సొత్తు కాదు. వీధిలో క్రికెట్ ఆడే పిల్లలలో బ్యాటు గలవాడు తాను ఔటు కాగానే బ్యాటు చంకన పెట్టుకొని ఇంటికి పోవడం ఎరగనివారుండరు. బ్యాటు అతనిదే, కాలమూ అతనిదే. అయినా మిగిలిన పిల్లలందరూ అతణ్ణి నిందిస్తారు. వారికి న్యాయశాస్త్రం తెలియదు గాని న్యాయం తెలుసు. తమ వంతు వచ్చేవరకు బంతుల వెంట పరుగెత్తినవారికి అతడు బాకీ పడ్డాడు. జట్టులో చేరడమంటే మాట ఇవ్వడం. ఆ మాటపై ఆధారపడి నలుగురు తమ కాలాన్ని వెచ్చిస్తున్నప్పుడు, తన వినోదం తీరిందని లేచిపోవడం మాట తప్పడమే అవుతుంది.

రెండవ వాదాన్ని పరిశీలించేటప్పుడు చదరంగం గుర్తుకు వస్తుంది. ఆ ఆటలో గొప్ప క్రీడాకారులు సైతం రాజుకు కట్టు పడేవరకు వేచి ఉండరు. పరిస్థితి చక్కదిద్దరానిదని గ్రహించగానే ప్రత్యర్థికి చేయి అందించి ఓటమిని అంగీకరిస్తారు. దానిని ఎవరూ పిరికితనమనరు, మర్యాదగా భావిస్తారు. మరి ఐదుగురి ఆటలో తప్పుకునేవాడికి ఆ మర్యాద ఎందుకు వర్తించదు? కారణాలు రెండు. చదరంగంలో ఓటమిని ఒప్పుకున్నవాడు ఎదుటివాడి గెలుపును పూర్ణంగా అతని చేతిలో పెడతాడు. చెప్పకుండా మాయమయ్యేవాడు ఆ గెలుపును వెలవెలబోయేటట్లు చేస్తాడు. చదరంగపు బల్ల ముందు అతని వెనుక మరెవరూ లేరు. తన ఓటమిని తానే ఒప్పుకుంటున్నాడు. ఐదుగురి ఆటలో తప్పుకునేవాడు మిగిలిన నలుగురి ఓటమిని కూడా వారి అనుమతి లేకుండానే ఒప్పుకుంటున్నాడు. అందుచేతనే కొన్ని అంతర్జాల క్రీడలలో, నిర్ణీత సమయం గడిచిన తరువాత జట్టు సభ్యులు ఓటు వేసి ఓటమిని ప్రకటించే ఏర్పాటు చేశారు. అది వాకిలి గుండా వెళ్ళడం. ఒక్కడే తప్పుకోవడం గోడ దూకి పారిపోవడం. మొదటిదానికి శిక్ష లేకపోవడం, రెండవదానికి శిక్ష ఉండడం న్యాయమే.

అంతేకాక, ఓటమి ఖాయమని ఆట మధ్యలో నిర్ణయించగలవారెవరు? 1981 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ మైదానంలో భారత, ఆస్ట్రేలియా జట్ల మధ్య జరిగిన టెస్టు దీనికి మంచి నిదర్శనం. తొలి ఇన్నింగ్స్‌లో భారత్ 182 పరుగులు వెనుకబడింది. రెండవ ఇన్నింగ్స్‌లో 165 పరుగుల వద్ద కెప్టెన్ సునీల్ గవాస్కర్‌ను అంపైర్ ఎల్బీడబ్ల్యుగా ప్రకటించాడు. బంతి ముందు బ్యాటుకు తగిలిందని గవాస్కర్ విశ్వాసం. ఆగ్రహం పట్టలేక ఆయన తన సహచరుడు చేతన్ చౌహాన్‌ను కూడా వెంటబెట్టుకొని మైదానం వీడబోయారు. అదే జరిగి ఉంటే ఆట అక్కడితో ముగిసి, ప్రత్యర్థులకు గెలుపు దక్కేది. సరిహద్దు గీత వద్ద జట్టు మేనేజర్ దురానీ ఎదురువచ్చి చౌహాన్‌ను వెనుకకు పంపారు. ఆట కొనసాగింది. చివరికి 143 పరుగుల లక్ష్యంతో బరిలోకి దిగిన ఆస్ట్రేలియా 83 పరుగులకే కుప్పకూలింది. తొడ కండరాల నొప్పిని ఓర్చుకుంటూ కపిల్‌దేవ్ 28 పరుగులిచ్చి ఐదు వికెట్లు పడగొట్టారు. భారత్ 59 పరుగుల తేడాతో గెలిచి, సిరీస్‌ను సమం చేసింది. ఆనాటి తన చర్యకు గవాస్కర్ తరువాతి కాలంలో విచారం వెలిబుచ్చారు. విజయానికీ, తుడిచివేయరాని అపకీర్తికీ మధ్య ఆ రోజు ఉన్న దూరం ఒక్క సరిహద్దు గీత మాత్రమే.

నిలిచిన ప్రతిసారీ గెలుపు లభిస్తుందని కాదు. 2021 జనవరిలో సిడ్నీలో 407 పరుగుల లక్ష్యం ముందుండగా, కాకినాడలో జన్మించిన హనుమ విహారి తొడ వెనుక కండరం దెబ్బతిని పరుగెత్తలేని స్థితిలో ఉన్నారు. గెలుపు ఆశ అడుగంటింది. అయినా ఆయన 161 బంతులను ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచారు. నడుము నొప్పితో బాధపడుతున్న అశ్విన్ ఆయనకు తోడుగా 128 బంతులను అడ్డుకున్నారు. భారత్ ఐదు వికెట్లకు 334 పరుగుల వద్ద నిలువగా ఆ టెస్టు డ్రా అయింది. పరుగుల పట్టికలో 23 చిన్న సంఖ్యే. కానీ ఆ ఇన్నింగ్స్ విలువను పరుగులతో ఎవరూ కొలవలేదు. తరువాతి టెస్టులో, బ్రిస్బేన్‌లో, భారత్ గెలిచి సిరీస్‌ను కైవసం చేసుకోవడం వెనుక సిడ్నీలోని ఆ నిలకడ కూడా ఉన్నది.

ఇక మూడవ వాదం. అన్యాయం జరిగినప్పుడు ఆటను విడవడం ఆత్మగౌరవమా? 2006 ఆగస్టులో లండన్‌లోని ఓవల్ మైదానంలో పాకిస్తాన్ జట్టు బంతి స్వరూపాన్ని మార్చిందని అంపైర్లు నిర్ణయించి, ఐదు పరుగుల జరిమానా విధించారు. నిరసనగా ఆ జట్టు తేనీటి విరామం తరువాత మైదానంలోకి రాలేదు. కొంతసేపటికి వచ్చినా, అప్పటికే అంపైర్లు బెయిల్స్ తొలగించి ఇంగ్లండ్‌ను విజేతగా నిర్ణయించారు. టెస్టు క్రికెట్ చరిత్రలో ఒక జట్టు ఆటను ఆ విధంగా కోల్పోవడం అదే మొదటిసారి. తరువాత జరిగిన విచారణలో కెప్టెన్ ఇంజమామ్‌పై బంతికి సంబంధించిన ఆరోపణ రుజువు కాలేదు. అయినా ఆటకు అపకీర్తి తెచ్చినందుకు ఆయన నాలుగు వన్డేలకు దూరం కావలసివచ్చింది. ఫిర్యాదులో బలమున్నప్పటికీ నిరసన తెలిపిన తీరు ఆ బలాన్ని హరించింది. ఆట ముగిసేవరకు ఆడి, తరువాత న్యాయం కోరడమే ఉత్తమమార్గమని ఈ ఉదంతం చాటుతున్నది. అయితే తోటివారి దూషణ ఇంతకన్నా భిన్నమైనది. బూతులు తిట్టే జట్టు మొదటే తన మాటను తప్పింది. అటువంటిచోట నుండి తప్పుకున్నవాడికన్నా, తప్పుకునేటట్లు చేసినవారే ఎక్కువ దోషులు.

లేచిపోవడమే వివేకమైన సందర్భాలు కూడా ఉన్నాయి. కౌరవసభలో ధర్మరాజు ఆడిన జూదం అటువంటిది. ఓడినకొద్దీ ఒడ్డుతూ పోయి రాజ్యాన్ని, తమ్ములను, తనను, చివరికి ద్రౌపదిని కూడా పోగొట్టుకున్నాడు. విదురుడు వారించినా ఆట ఆగలేదు. అక్కడ నిలకడ గుణం కాదు, వ్యసనం. డబ్బు ఒడ్డి ఆడే అంతర్జాల క్రీడలు నేటి ద్యూతసభలు. అందుకే వాటిపై తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధం విధించాయి. 2025లో భారత పార్లమెంటు కూడా చట్టం చేసింది. పోయిన సొమ్మును రాబట్టాలనే ఆశతో అక్కడ కూర్చున్నవాడికి క్రీడాస్ఫూర్తి పాఠాలు చెప్పరాదు. లేచి రమ్మని చేయి పట్టి లాగాలి. అదేవిధంగా ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, తల్లి పిలిచినప్పుడు, ఆట కొరకు ఆ పిలుపును పెడచెవిన పెట్టడం ధర్మం కాదు. తెల్లవారితే పరీక్ష ఉన్నవాడు అసలు జట్టులో చేరకపోవడమే మేలు. మాట తప్పడం కంటే మాట ఇవ్వకపోవడం మంచిది.

కాబట్టి పరీక్షించవలసింది ఆట విడిచాడా, లేదా అన్నది కాదు. విడిచినప్పుడు వెనుక ఎవరిని వదిలిపెట్టాడన్నది. తన ఓటమిని తాను ఒప్పుకొని లేచేవాడు సజ్జనుడు. నలుగురితో సంప్రదించి లేచేవాడు మర్యాదస్తుడు. వ్యసనం నుండి లేచేవాడు వివేకి. నలుగురినీ బరిలో వదిలి, ఓటమి అంటకుండా తానొక్కడే జారుకునేవాడు మాత్రం క్రీడాధర్మాన్ని తప్పినవాడే.

అటువంటివాడికి కూడా దారి మూసుకుపోలేదు. అంతఃపురంలో ప్రగల్భాలు పలికిన ఉత్తరకుమారుడు కౌరవసేనను చూడగానే రథం దూకి పరుగుతీశాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంబడించి పట్టుకొని, ధైర్యం చెప్పి, అతని చేతికి పగ్గాలిచ్చాడు. పారిపోయినవాడే సారథియై రథాన్ని యుద్ధరంగానికి నడిపాడు. గోవులు తిరిగివచ్చాయి. మన భాషలో అతని పేరు ప్రగల్భాలకు పర్యాయపదంగా నిలిచిపోయింది గాని, వెనుదిరిగిన రథాన్ని మళ్ళీ ముందుకు నడిపినవాడూ అతడే. ఒకనాడు జట్టును నడుమ విడిచిన యువకుడు మరునాడు వచ్చి, ఓడుతున్న ఆటలో చివరివరకు నిలిస్తే, ఆ పాత తప్పును జట్టువారు మరచిపోతారు. బరిలో మిగిలిన ఒక్కడు కూత ఆపనంతవరకు గీత అవతల కూర్చున్నవారందరూ బ్రతికే ఉంటారు.