పాతబస్తీ కాపురం: అద్దె తక్కువ, లెక్క ఎక్కువ

వాన మొగం చాటేసిన ఏడాది, బోరు ఎండిపోయిన ఏడాది పాలమూరు పల్లెల్లో కదలిక మొదలవుతుంది. మూటాముల్లె సర్దుకుని, ముసలివాళ్లను ఇంటికి కాపలా పెట్టి, పిల్లలను చంకనేసుకుని జనం బస్సెక్కుతారు. ఒకప్పుడు ఆ దారి ఎక్కువగా బొంబాయికే. అక్కడి కామాటిపురకు ఆ పేరు తెలుగు నేల నుంచి వలస వెళ్లిన కామాటీల వల్లనే వచ్చింది. ఇప్పుడు చాలామంది చూపు హైదరాబాద్ మీద ఉన్నది. అందులోనూ చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారి చూపు పాతబస్తీ వైపు మళ్లుతున్నది.

దానికి కారణం లేకపోలేదు. కల్వకుర్తి వైపు నుంచి శ్రీశైలం రోడ్డున వచ్చేవారికి నగరంలో ముందుగా తగిలే పెద్ద కూడలి చాంద్రాయణగుట్ట. మహబూబ్‌నగర్ నుంచి రైలెక్కితే జడ్చర్ల, షాద్‌నగర్, ఉందానగర్ దాటాక ఫలక్‌నుమా వస్తుంది. పాలమూరువాసికి పాతబస్తీ నగరపు వాకిలి వంటిది. లాల్‌దర్వాజ, గౌలిపుర, ఉప్పుగూడ, ఛత్రినాక, అలియాబాద్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ఆషాఢంలో అక్కడి బోనాలు చూసినవారికి పరాయి ఊరనిపించదు.

అయితే ఊరు మనదిలా ఉండటం వేరు, బతుకు గడవటం వేరు. పాతబస్తీలో నిజంగా చవకగా బతకవచ్చునా, ఆ చవకకు కుటుంబం మరో రూపంలో మూల్యం చెల్లించవలసి వస్తున్నదా అన్నది లెక్క వేసుకోవలసిన ప్రశ్న.

అద్దె ఎందుకు తక్కువ?

పాతబస్తీ అంటే ఒకప్పటి హైదరాబాద్ నగరమే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించి, దాని చుట్టూ నగరం వేయించాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత వరద అదుపు కోసం, తాగునీటి కోసం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. క్రమంగా అధికారులు, సంపన్నులు మూసీకి ఉత్తరాన స్థిరపడ్డారు. 1998లో హైటెక్ సిటీ వచ్చాక పెట్టుబడి, కొలువులు పడమటి దిక్కుకు పోయాయి. పాతబస్తీ బాగుకోసమని 1981లో కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థను ప్రత్యేకంగా పెట్టినా, నగరంలోని రెండు భాగాల మధ్య తేడా పోలేదు.

పడమటి దిక్కున భూమి ధర ఆకాశాన్నంటింది. దానితో పోలిస్తే పాతబస్తీ లోపలి గల్లీల్లో గది అద్దె అందుబాటులో ఉన్నది. అడ్వాన్సు కూడా అక్కడిలా ఎక్కువ అడగరు. పాత పెద్ద ఇంటిని ముక్కలు చేసి ఒక్కొక్క గదిని ఒక్కొక్క కుటుంబానికి ఇవ్వటం ఇక్కడ మామూలు. అందువల్ల అద్దె తగ్గుతుంది. దానితోపాటు గాలి, వెలుతురు, మరుగుదొడ్డి, నీళ్ల కుళాయి కూడా వాటాలకే వస్తాయి.

తిండి ఖర్చుకు మాత్రం పాతబస్తీది పైచేయి. మీరాలం మండి, ఫలక్‌నుమా రైతుబజారు దగ్గరే. మూసీ దాటితే ఉస్మాన్‌గంజ్, బేగంబజార్ టోకు దుకాణాలున్నాయి. నెల సరుకు ఒక్కసారి కొనుక్కోగల కుటుంబానికి ఇవి వరమే. రోజు కూలీ మీద ఆధారపడి ఏపూటకాపూట గల్లీ కిరాణాలో పావుకిలో, అరకిలో కొనేవారికి మాత్రం టోకు ధర లాభం అందదు.

సొంత రాష్ట్రమన్న లాభం

బొంబాయి, పుణె వలసకూ పాతబస్తీ వలసకూ అసలు తేడా ఇక్కడే ఉన్నది. సముద్రపు ఒడ్డు నగరంలో కూలి ఎక్కువ దొరకవచ్చు. కానీ అక్కడ అద్దె ఆ కూలిని మింగేస్తుంది. భాష రాదు. సొంత రాష్ట్రం ఇచ్చే సదుపాయాలు చాలావరకు హద్దు దాటగానే ఆగిపోతాయి. పాతబస్తీలో ఉన్న పాలమూరు కుటుంబానికి అవన్నీ వెంట వస్తాయి.

రేషన్ కార్డు పల్లెలోనే ఉన్నా నగరంలోని చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. 2025 ఉగాది నుంచి రాష్ట్రంలో మనిషికి నెలకు 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అయిదుగురున్న కుటుంబానికి 30 కిలోలు. పొదుపుగా వండుకుంటే నెలలో చాలా రోజులు వెళ్లిపోతాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేదు. ఇళ్లల్లో పనికి, దుకాణాల్లో పనికి వెళ్లే మహిళకు ఆ మేరకు కూలి పెరిగినట్లే. పండుగకో పబ్బానికో ఊరికి వెళ్లి రావటానికీ ఆమెకు చార్జీ ఉండదు.

కరెంటు, నీటి విషయంలో ఒక చిక్కు ఉన్నది. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి అర్హులైనవారికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. నాలుగు వాటాలకు ఒకే మీటరున్న ఇంట్లో 200 యూనిట్లు ఇట్టే దాటిపోతాయి. అప్పుడు పథకం కాగితం మీదే మిగులుతుంది. ఇంటి యజమాని అడిగిన లెక్క ప్రకారం అద్దెదారు చెల్లించవలసి వస్తుంది. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో నగరంలో మొదలైంది. ఒకే కనెక్షన్ మీద ఎన్ని కుటుంబాలుంటే ఒక్కొక్కరి వాటా అంత తగ్గుతుంది. కాబట్టి గది అద్దె ఎంత అన్న ప్రశ్నకు ముందు వేరే మీటరు ఉన్నదా అని అడగటం మేలు. అద్దెలో అయిదు వందలు తక్కువని ఉమ్మడి మీటరు ఇంట్లో దిగిన కుటుంబం ఆ తగ్గింపును కరెంటు బిల్లులోనే పోగొట్టుకోవచ్చు.

పని ఎక్కడ? ఇల్లు ఎక్కడ?

పాతబస్తీ కాపురం లాభమో నష్టమో తేల్చే అసలు విషయం పనిచోటు. బేగంబజార్, అఫ్జల్‌గంజ్ హమాలీ పని, మదీనా, పత్తర్‌గట్టి బట్టల దుకాణాల్లో పని, మండిలో మోత పని దొరికినవారికి నడకదూరమే. వారికి ఇక్కడి అద్దె నిజంగానే కలిసివస్తుంది.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు మేస్త్రీ కింద పనికి పోయే మగవారి లెక్క వేరు. వారికి ఉచిత బస్సు లేదు. ఉదాహరణకు రానుపోను రోజుకు నలభై రూపాయలు అదనంగా ఖర్చయిందనుకుంటే, 26 పనిదినాలకు 1,040 రూపాయలు. అద్దెలో మిగిలిందనుకున్న వెయ్యి అక్కడికి చెల్లు. ఇక రోజూ బస్సులో గడిచే గంటలకు ఎవరూ కూలి కట్టరు. పొద్దున ఆలస్యంగా అడ్డా మీదికి చేరినవాడికి ఆ పూట పని దొరకక పోతే, నష్టం బస్సు చార్జీతో ఆగదు.

మెట్రో రైలు నగరానికి 2017లో వచ్చింది. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు లైను 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. మొదటి ప్రణాళిక ప్రకారం అది ఫలక్‌నుమా దాకా రావాలి. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు అక్కడే ఆగిపోయాయి. 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. తర్వాత ఆ దారిని చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించారు. రోడ్డు వెడల్పులో ఆస్తులు పోయేవారికి గజానికి 81 వేల రూపాయల లెక్కన పరిహారం చెక్కులు 2025 జనవరిలో ఇవ్వటం మొదలుపెట్టారు. రైలు వస్తే పనిచోటు దగ్గరవుతుంది, నిజమే. అదే రోజున గది అద్దె కూడా పెరుగుతుంది. సొంత ఇల్లున్నవాడికి మెట్రో ఆస్తి. అద్దెదారుకు అది సౌకర్యమూ భారమూ రెండూ అవుతుంది. ఫలక్‌నుమా నుంచి నడిచే ఎంఎంటీఎస్ రైలు ఇప్పటికీ తక్కువ చార్జీ దారి. కానీ బస్సులా అది తడవ తడవకు దొరకదు.

ఇంటిపట్టున చేసే పనులూ పాతబస్తీలో ఉన్నాయి. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గాజులకు రాళ్లు అద్దే పని ఎందరో మహిళలకు ఆధారం. ఇంట్లో కూర్చుని చేసే పని కావటం దాని మేలు. డజన్ల లెక్కన వచ్చే కూలి కావటం దాని కీడు. ఈ పనిలోకి పిల్లలను దింపకూడదు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి రెండు వందలమందికి పైగా బీహార్ పిల్లలను పోలీసులు విడిపించారు. చీకటి గదుల్లో, రసాయనాల వాసన మధ్య వారు పనిచేసేవారు. నగరానికి వచ్చిన పల్లె కుటుంబం అప్పులో పడినప్పుడు మొదటి వేటు పిల్లవాడి చదువు మీదే పడుతుందన్నది మరువరాదు.

వైద్యం చేరువ, వసతి కరువు

జబ్బున పడ్డవారు ఇంట్లో ఉన్న కుటుంబానికి పాతబస్తీ నివాసం ఆసరా. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి, చార్మినార్ పక్కనే యునానీ ఆసుపత్రి, మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. పల్లెలో జ్వరానికి జిల్లా కేంద్రం దాకా పోయే ఖర్చుతో పోల్చితే ఇది చిన్న లాభం కాదు.

ఉస్మానియా పాత భవనం శిథిలం కాగా, 2020 జూలైలో వాననీరు వార్డుల్లోకి వచ్చింది. తర్వాత ఆ భవనాన్ని ఖాళీ చేయించారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. వైద్యం దగ్గరే ఉన్నా, రద్దీలో వంతు కోసం ఒక రోజు కూలి పోగొట్టుకోక తప్పదు.

వాన పడిన రాత్రి

పాతబస్తీ చవకకు అసలు పరీక్ష వాన. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. నాలుగైదు రోజులకే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మరోసారి మునిగింది. ముంపు కుటుంబాలకు ప్రభుత్వం 10 వేల రూపాయల చొప్పున ప్రకటించింది. మంచం, బియ్యం, బట్టలు, కుట్టుమిషను, పిల్లల పుస్తకాలు అన్నీ పోయిన ఇంటికి ఆ పదివేలు ఏ మూలకు? 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే నీరు వచ్చింది. జిల్లాల నుంచి వచ్చిన ప్రయాణికులను బయటికి తరలించవలసి వచ్చింది.

చెరువు కిందనో, నాలా పక్కనో, మూసీ గర్భంలోనో గది అందరికంటే తక్కువకు వస్తుంది. ఆ తక్కువ వెనుక ఉన్నది ఈ నీరే. 2024లో మూసీ గర్భంలోని ఇళ్లకు గుర్తులు వేసి కొన్నింటిని తొలగించినప్పుడు కొన్ని కుటుంబాలకు రెండు పడకల ఇళ్లు ఇచ్చారు. కానీ ఇల్లు మారితే బడి, పని, పరిచయాలు అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

అగ్గి భయమూ ఉన్నది. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్‌హౌజ్‌లో ఒక ఇంట్లో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. బయటికి రావటానికి ఉన్నది ఒక్క ఇరుకు దారి. పాత ఇళ్లలో వైర్లు పాతవి, మెట్లు ఇరుకు. ఏసీలు, మోటార్లు మాత్రం కొత్తవి.

పాతబస్తీ అనగానే 1978, 1990 అల్లర్లను, కర్ఫ్యూ రోజులను తలచుకుని వెనుకాడే పెద్దలు పల్లెల్లో ఉన్నారు. ఆనాడు కర్ఫ్యూ అంటే రోజు కూలీకి పస్తే. ఆ రోజులు గడిచి మూడు దశాబ్దాలు దాటింది. ఈనాడు అద్దెకుండేవారిని ఎక్కువగా వెన్నాడుతున్నవి నీరు, నిప్పు, దూరం.

ఎవరికి లాభం?

దూరపు కొండలు నునుపన్నట్లు, ఊరి నుంచి చూస్తే పాతబస్తీ అద్దె ఒక్కటే కనిపిస్తుంది. తక్కెడలో మిగతావీ వేసి తూచాలి. మూసీకి అటూ ఇటూ ఉన్న బజార్లలో పని ఖాయంగా దొరికినవారికి, బస్సులో పనికి వెళ్లే మహిళ ఉన్న ఇంటికి, తరచు ఆసుపత్రి అవసరం పడేవారికి పాతబస్తీ కాపురం కలిసివస్తుంది. పడమటి దిక్కున పని, ఉమ్మడి మీటరు, చెరువు కింద గది మూడూ ఒక్కచోట కలిసినవారికి నష్టమే.

గది చూడబోయేవారు ముందుగా పక్కింటివారిని పలకరించి, 2020 అక్టోబరులో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో అడగాలి. కొన్ని గోడల మీద ఆ మరక ఇంకా ఉండవచ్చు. మీటరు వేరుగా ఉన్నదా, మంట లేస్తే బయటపడటానికి దారి ఎటు, నడిచిపోయేంత దూరంలో బడి ఉన్నదా అన్నవి చూసుకోవాలి. వీలైతే మొదట ఒకరు వచ్చి నెల రోజులు పనిచేసి చూసి, ఆ తర్వాతే కుటుంబాన్ని తెచ్చుకోవటం మంచిది. బడి ఏడాది మధ్యలో పిల్లలను ఊరి నుంచి తీసుకురావటం కంటే, వేసవి సెలవుల దాకా తాత, అవ్వల దగ్గర ఉంచటమే మేలు.